మాయ ఒకటా, రెండా?

జంట అరటిపండు తింటే కవలలు పుడతారని మా గోదావరి వైపు ఇప్పటికీ పెళ్ళికాని పిల్లల చేతుల్లోంచి ఆ పండు లాక్కుంటారు. లాక్కుంటే లాక్కున్నారు, దానివల్ల ఎవరికీ నష్టం లేదు. కవలల గురించి మన ఇళ్ళలో ఆడవాళ్ళకి తెలిసింది ఆ అరటిపండు దగ్గరే ఆగిపోవడమే నా బాధ.

కడుపులో ఇద్దరని తెలియగానే మనం ఏం అడుగుతాం? "మీ వైపు ఎవరికైనా కవలలున్నారా?" "మందులు వాడితే వచ్చారా, మామూలుగానా?" "ఇద్దరూ ఒకే పోలికా?" ఇంకాస్త చనువున్నవాళ్ళయితే పేర్లు కూడా జతగా పెట్టేస్తారు. నిజంగా అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. అది పుట్టింటివాళ్ళూ అడగరు, అత్తింటివాళ్ళూ అడగరు. ఇద్దరికీ కలిపి మాయ ఒకటా, రెండా?

మాయ అంటే తెలియని ఆడది ఉండదు. కాన్పయ్యాక పడిందా లేదా అని పెద్దవాళ్ళు కంగారుపడేది దాని గురించే. లోపల బిడ్డకి తిండీ ఊపిరీ తల్లి రక్తంలోంచి అందించేది అదే. రెండు వేరు వేరు అండాల నుంచి వచ్చిన కవలలకి ఎవరి మాయ వాళ్ళకుంటుంది. ఒకే అండం రెండుగా విడిపోతే మాత్రం ఎన్నో రోజున విడిపోయిందన్నదాన్ని బట్టి ఉంటుంది. మొదటి 3 రోజుల్లో అయితే మాయలు రెండు. 4 నుంచి 8 రోజుల మధ్య అయితే మాయ ఒకటి, ఉమ్మనీటి సంచులు రెండు. ఇంకా ఆలస్యమైతే మాయా ఒకటే, సంచీ ఒకటే, ఇద్దరి బొడ్డుతాళ్ళూ మెలిపడిపోయే భయం. ఒకే పోలిక కవలల్లో సుమారు ముప్పాతిక వంతు మందికి మాయ ఒకటే ఉంటుంది.

ఇది తేల్చాల్సింది 11 నుంచి 14 వారాల మధ్య చేసే స్కానింగులో. అప్పుడు ఇద్దరి మధ్య పొర మాయని తాకే చోటు స్పష్టంగా కనబడుతుంది. తర్వాత పిల్లలు పెరిగేకొద్దీ చెప్పడం కష్టమవుతుంది. రిపోర్టులో ఇది నాలుగు ఇంగ్లీషు అక్షరాలుగా ఉంటుంది. డి.సి.డి.ఏ. అంటే మాయలు రెండు, సంచులు రెండు. ఎం.సి.డి.ఏ. అంటే మాయ ఒకటి, సంచులు రెండు. ఎం.సి.ఎం.ఏ. అంటే రెండూ ఒక్కొక్కటే. గ్యాస్ బండ బుక్ చేసే నంబరు నోటికొచ్చిన మనకి ఈ నాలుగక్షరాలు ఓ లెక్కా?

మా చిన్నకోడలి రిపోర్టులో ఎం.సి.డి.ఏ. అని ఉంది. ఇంట్లో అందరం మిఠాయి పొట్లం విప్పే హడావిడిలో ఉంటే ఆ పిల్ల మాత్రం డాక్టరమ్మని నిలేసి దాని అర్థం అడిగింది. ఆవిడ ఓపిగ్గా చెప్పారు. ఒకే మాయ మీద బతికే ఇద్దరి రక్తనాళాలూ ఆ మాయలో ఒకదానితో ఒకటి కలిసి ఉంటాయి. చాలామందిలో ఇచ్చిపుచ్చుకోవడం సరిసమానంగా సాగిపోతుంది. నూటికి 10, 15 మందిలో మాత్రం తూకం తప్పి, ఒక బిడ్డ రక్తం రెండో బిడ్డకి పోతూనే ఉంటుంది. ఇచ్చే బిడ్డకి రక్తం చాలదు, మూత్రం తగ్గిపోతుంది, ఉమ్మనీరు ఇంకిపోతుంది. పుచ్చుకునే బిడ్డకి రక్తం ఎక్కువై గుండె మీద బరువు పడుతుంది, మూత్రం ఎక్కువై నీరు పొంగుతుంది. అంటే ఇద్దరికీ ముప్పే. ఇది ఎక్కువగా 16 నుంచి 26 వారాల మధ్య వస్తుంది కాబట్టి 16వ వారం నుంచి రెండేసి వారాలకొకసారి స్కానింగు తప్పదన్నారు.

ఇక మొదలైంది ఇంట్లో. "మా రోజుల్లో ఒక్క స్కానింగైనా ఉందా, పిల్లల్ని కనలేదా?" అని మా ఆడపడుచు. అన్నిసార్లు స్కానింగు చేస్తే పిల్లలకి మంచిది కాదని మరొకరు. స్కానింగు అంటే శబ్ద తరంగాలు, ఎక్స్‌రే కాదు. డాక్టరు అవసరమని చెప్పిన స్కానింగు మానేస్తే వచ్చే ప్రమాదం ముందు ఈ భయం ఏపాటిది? డబ్బులు గుంజడానికే అన్న అనుమానం అందరికీ ఉంటుంది, నాకూ ఉంటుంది. దానికి మందు ఇంకో డాక్టర్ని అడగడం. మానేయడం మందు కాదు.

19వ వారంలో ఒక్క వారం తేడాలో పొట్ట ఎనిమిదో నెల పొట్టలా అయింది. బిగిసిపోయి గిన్నె బోర్లించినట్టుంది. పడుకుంటే ఊపిరి అందడం లేదంది. చూడవచ్చినవాళ్ళంతా ఒకే మాట: "కవలలు కదా!"

ఈ మాట మీద నాకు చాలా కోపం. కవలలు కదా, ఆయాసం ఉంటుంది. కవలలు కదా, కాళ్ళు వాస్తాయి. కవలలు కదా, నిద్ర పట్టదు. అన్నీ నిజమే, అందుకే ఆ మాట ప్రమాదం. నిజమైన ముప్పు వచ్చినప్పుడు కూడా ఆ మాట దుప్పటిలా కప్పేస్తుంది. మా వీధిలో ఒకావిడ చెల్లెలికి ఏడో నెల దాటాక కుడివైపు పక్కటెముకల కింద నొప్పీ వాంతులూ వస్తే గ్యాసని వాము నీళ్ళిచ్చారు, సోడా తాగించారు. అది గ్యాస్ కాదు, హెల్ప్ సిండ్రోమ్. బి.పి.తో పాటు కాలేయం దెబ్బతిని, ప్లేట్‌లెట్లు పడిపోయే జబ్బు. ఆ అమ్మాయి బతికి బయటపడింది, చాలా రక్తం ఎక్కించాల్సి వచ్చింది. అలాగే దద్దుర్లేమీ లేకుండా అరచేతులూ అరికాళ్ళూ, అందునా రాత్రిపూట, గోక్కోలేనంత దురద పెడితే అది వేడి చేసి కాకపోవచ్చు. కాలేయంలో పైత్యరసం నిలిచిపోయి కావచ్చు, రక్తపరీక్షలో తెలుస్తుంది. ఇవి ఒక్క బిడ్డ ఉన్నవాళ్ళకీ వస్తాయి, కవలల తల్లులకి మరింత ఎక్కువ. తలనొప్పి తగ్గకపోయినా, కళ్ళ ముందు మెరుపులొచ్చినా, ముఖం ఉబ్బినా కషాయం కాచే లోపల బి.పి. చూపించాలి.

మా కోడలు తేదీ కోసం ఆగకుండా మర్నాడే స్కానింగుకి వెళ్ళింది. ఒక సంచిలో నీటి లోతు 9 సెంటీమీటర్లు దాటింది, రెండో దాంట్లో ఒకటిన్నర. చిన్నది సంచి పొరలో చుట్టుకుపోయి గోడకి అతుక్కున్నట్టుంది. ఆ సాయంత్రమే హైదరాబాదు బయల్దేరాం.

దీనికి లేజర్ చికిత్స ఉంది. తల్లి పొట్టలోంచి రెండు మూడు మిల్లీమీటర్ల సన్నటి గొట్టం పంపి, కెమెరాతో మాయ మీద నాళాలు వెతికి, ఇద్దరినీ కలిపే నాళాలని లేజర్‌తో మూసేస్తారు. ఎక్కువైన నీరు తీసేస్తారు. అంతకుముందు నీరు తీయడం ఒక్కటే ఉండేది. 2004లో యూరప్‌లో 142 మంది గర్భిణులతో ఆ రెండు పద్ధతులనీ పోల్చి చూశారు. కనీసం ఒక బిడ్డ నెలరోజుల వయసు దాకా దక్కినవాళ్ళు లేజర్ చేయించుకున్నవాళ్ళలో నూటికి 76 మంది, నీరు మాత్రమే తీయించుకున్నవాళ్ళలో 56 మంది. ముదిరిన దశలో ఏమీ చేయకుండా వదిలేస్తే ఇద్దరూ దక్కడం అరుదు. ఇంకో సంగతి కూడా చెప్పారు. నాళాలు కలిసే ఉండగా ఒక బిడ్డ గుండె ఆగితే, బతికున్న బిడ్డ రక్తం అటు పోయి మెదడు దెబ్బతినవచ్చు. విడదీస్తే ఒకరికి ఏమైనా రెండోవారికి కొంత రక్షణ.

ఈ లెక్కలన్నీ డాక్టరుగారు మా కోడలికీ మా అబ్బాయికీ ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పారు. గది బయట మాత్రం చుట్టాల సభ నడిచింది, ఫోన్లలో. "దేవుడిచ్చినదాన్ని కదిలించొద్దు" అని ఒకరు. "వయసుంది, మళ్ళీ కంటుంది" అని ఒకరు. ఈ రెండో మాట నాకు మరీ కష్టమనిపించింది. సంతకం ఎవరిదో మాటా వాళ్ళదే అని నా అభిప్రాయం. పొట్టలో గొట్టం దిగేది ఆ పిల్లకి. అత్తలుగా మనకి అక్కడ పని లేదని కాదు. డబ్బు చూడటం, ఫోన్లు ఎత్తి జవాబులు చెప్పడం, పక్కన ఉండటం మన పని. నా గాజులు బ్యాంకులో పెట్టాం, చీటీ పాడి ఎత్తాం. "అత్తయ్యా, ఇద్దరూ పోతే?" అని అడిగింది లోపలికి వెళ్ళేముందు. "నువ్వు బయటికి రా అమ్మా, నేనిక్కడే ఉంటా" అన్నాను. అంతకంటే నిజం నా దగ్గర లేదు.

ఇద్దరి గుండెలూ మర్నాడు స్కానింగులో కొట్టుకుంటూ కనిపించాయి.

అప్పటినుంచి కాలు కింద పెట్టొద్దనే సలహాల వాన. మంచం మీదే భోజనం, మంచం మీదే స్నానం. కవలల తల్లిని మంచానికి కట్టేస్తే ముందే వచ్చే కాన్పు ఆగుతుందని రుజువు లేదు. కదలకుండా పడుకుంటే కాళ్ళ నరాల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం మాత్రం ఉంది. మా డాక్టరు బరువులెత్తొద్దు, ప్రయాణాలొద్దు, ఇంట్లో మామూలుగా తిరుగు అన్నారు. ఆ ప్రకారమే చేశాం. ఎవరికైనా ప్రత్యేకంగా పడుకోమని చెప్తే అది వేరు, వాళ్ళ డాక్టరు చెప్పినట్టు చేయాలి. చుట్టాలు చెప్పారని మాత్రం వద్దు.

తొలి కాన్పు పుట్టింట్లో అన్నది ఇంకో చిక్కు. ఏడో నెలలో తీసుకెళ్తామని వదినగారు ముహూర్తం కూడా చూసుకున్నారు. పాలకొల్లు దగ్గర పల్లెటూరు వాళ్ళది. ఆవిడ ఆశలో తప్పేమీ లేదు, ఆడపిల్లని కన్న ఏ తల్లికైనా అదే ఉంటుంది. కాకపోతే లేజర్ అయ్యాక ఉమ్మనీరు ముందే పోవడం మామూలే. ఆ సమయానికి వెంటిలేటరూ పసిపిల్లల ఐసీయూ ఉన్నచోట ఉండాలి. కేజీ బిడ్డని కన్నాక అంబులెన్సులో వంద కిలోమీటర్లు తీసుకెళ్ళడానికీ, బిడ్డ కడుపులో ఉండగానే తల్లి ఆ ఆసుపత్రికి చేరుకోవడానికీ చాలా తేడా. ఈ మాటే చెప్పాను వదినగారితో. ఆవిడ ఒక పూట మౌనంగా ఉండి, సంచీ సర్దుకుని తనే హైదరాబాదు వచ్చేశారు. 28వ వారం నుంచి ఆసుపత్రికి దగ్గర్లో ఒక గది అద్దెకి తీసుకున్నాం. సీమంతం ఆ గదిలోనే, ఇద్దరు అమ్మలు, నాలుగు డజన్ల గాజులు.

30 వారాల 4 రోజులకి రాత్రి నీరు పోయింది. పది నిమిషాల్లో ఆసుపత్రిలో ఉన్నాం. ఊపిరితిత్తులు గట్టిపడటానికి స్టెరాయిడ్ ఇంజెక్షన్ వెంటనే ఇచ్చారు, 24 గంటల తర్వాత రెండోది. పిల్లల మెదడుకి రక్షణగా మెగ్నీషియం ఎక్కించారు. స్టెరాయిడ్ అన్న పేరు వినగానే ఉలిక్కిపడేవాళ్ళ కోసం ఒక్కమాట. న్యూజీలాండ్‌లో లిగిన్స్ అనే డాక్టరు గొర్రెల మీద పరిశోధన చేస్తుంటే, ఈ మందు ఇచ్చిన గొర్రెల పిల్లలు బాగా ముందే పుట్టి కూడా ఊపిరి తీశాయి. తర్వాత హౌవీ అనే డాక్టరుతో కలిసి గర్భిణులకి ఇచ్చి చూసి 1972లో ఫలితాలు ప్రకటించారు. మన కేంద్ర ప్రభుత్వం 2014లో, 24 నుంచి 34 వారాల మధ్య నొప్పులొస్తే పెద్దాసుపత్రికి పంపేముందు ఏ.ఎన్.ఎం. కూడా డెక్సామెథసోన్ మొదటి డోసు ఇవ్వవచ్చని మార్గదర్శకాలిచ్చింది. అంటే ఇది కార్పొరేట్ ఆసుపత్రి వైభోగం కాదు, సబ్‌సెంటర్ దాకా రావలసిన మందు. నెలలు నిండకుండా నొప్పులొస్తే "ఊపిరితిత్తుల ఇంజెక్షన్ ఇచ్చారా?" అని అడిగేవాళ్ళు పక్కన ఉండాలి.

రెండో ఇంజెక్షన్ పడ్డ మర్నాడు ఆపరేషన్. 1,380 గ్రాములు ఒకరు, 1,040 గ్రాములు ఒకరు. ఇద్దరూ ఆడపిల్లలు. ఫోన్లో ఒక పెద్దమనిషి "ఇద్దరూ ఆడపిల్లలేనా? ఐసీయూ బిల్లు ఎంతవుతుందట?" అన్నాడు. రెండు ప్రశ్నలూ ఒక్క ఊపిరిలో అడిగాడు. ఆయనకి రెండో ఫోను నేను ఎత్తలేదు.

ఐసీయూ రోజుల గురించి రాస్తే ఇంకో వ్యాసమవుతుంది. మనవల్ల అయ్యే రెండు సంగతులే చెప్తాను. ఒకటి పాలు. పేగులు పచ్చిగా ఉండే ఆ పిల్లలకి తల్లిపాలు మందుతో సమానం. పేగులు కుళ్ళే భయంకరమైన జబ్బు రాకుండా చాలావరకు కాపాడతాయి. పాలు రావాలంటే రెండు మూడు గంటలకోసారి, అర్ధరాత్రి కూడా, చేత్తోనో పంపుతోనో పిండాలి. పిండాలంటే తల్లి తినాలి, నీళ్ళు తాగాలి, ఐసీయూకి దగ్గర్లో ఉండాలి. మన బాలింత పథ్యమేమో నీళ్ళు తగ్గించమంటుంది, చెవుల్లో దూది పెట్టుకుని గదిలో కూర్చోమంటుంది, పురుడు వెళ్ళేదాకా కదలొద్దంటుంది. పథ్యంలో మంచి లేదని అనను. వెల్లుల్లి కారం, వేడి అన్నం, నెయ్యి నేనూ పెట్టాను. నీళ్ళు తగ్గించడం మాత్రం పెట్టుకోలేదు. ఆపరేషనైన మర్నాడే చక్రాల కుర్చీలో పిల్లల దగ్గరికి తీసుకెళ్ళాం. మొదటి రోజు వచ్చినవి ఒక చెంచాడు కూడా లేవు. నర్సమ్మ వాటిని సిరంజిలోకి బంగారంలా తీసుకుంది. పాలు చాలని తల్లుల కోసం పాల బ్యాంకులున్నాయని కూడా తెలిసి ఉండాలి. ముంబయిలో సయాన్ ఆసుపత్రిలో ఆర్మిడా ఫెర్నాండెజ్ గారు 1989లో మొదలుపెట్టారు. హైదరాబాదు నీలోఫర్‌లోనూ ఉంది.

రెండోది కంగారూ పద్ధతి. బిడ్డని బట్టల్లేకుండా, డయపరూ టోపీతో, పెద్దవాళ్ళ ఛాతీ మీద చర్మానికి చర్మం తగిలేలా కట్టుకోవడం. కొలంబియాలో బొగోటా నగరంలో 1978 ప్రాంతంలో ఇంక్యుబేటర్లు చాలక మొదలైంది. 2021లో వచ్చిన అధ్యయనం మన దేశంతో సహా ఐదు దేశాల ఆసుపత్రుల్లో జరిగింది. తక్కువ బరువుతో పుట్టిన పిల్లలకి పరిస్థితి కుదుటపడేదాకా ఆగకుండా పుట్టిన వెంటనే ఇలా చేస్తే మరణాలు నాలుగోవంతు తగ్గాయని అందులో తేలింది. ఇద్దరు పిల్లలకి ఒక తల్లి ఛాతీ ఎన్ని గంటలు చాలుతుంది? అందుకే చిన్నది మా కోడలి మీద, పెద్దది నా మీదో వదినగారి మీదో, సాయంత్రం మా అబ్బాయి మీద. మొగవాడు చొక్కా విప్పుకుని కూర్చుంటే నవ్వినవాళ్ళూ ఉన్నారు. వాడు మూడు గంటలు కదలకుండా కూర్చునేవాడు.

అదే వార్డులో ఇంకో కవలల తల్లి ఉండేది. ఒక బిడ్డ నాలుగో రోజున పోయింది. చూడవచ్చినవాళ్ళంతా "ఒకరైనా మిగిలారు, అదృష్టం" అనేవాళ్ళు. ఓదార్పనుకునే అంటారు, తెలుసు. ఆ పిల్ల ఒక చేత్తో బతికున్న బిడ్డకి పాలు పిండుతూ, పోయిన బిడ్డ కోసం ఏడవడానికి చోటు లేక కూర్చునేది. ఏడిస్తే పాలు ఇంకిపోతాయని అదొక బెదిరింపు. ఇద్దరిని మోసిన తల్లికి ఒకరు పోతే పోయింది ఒకరే, సగం కాదు. ఆ బిడ్డకేం పేరు అనుకున్నావమ్మా అని వదినగారు ఒకరోజు అడిగారు. అప్పుడు నోరు విప్పింది ఆ పిల్ల, గంటసేపు చెప్పింది. ఇప్పటికీ మా కోడలూ ఆ అమ్మాయీ ఫోన్లో మాట్లాడుకుంటారు.

మా వాళ్ళు ఒకరు 38 రోజులకి, ఒకరు 51 రోజులకి ఇంటికొచ్చారు. ఇంటికొచ్చాక మరచిపోయేది కంటి పరీక్ష. 34 వారాల లోపు పుట్టినా, రెండు కేజీల లోపు ఉన్నా, 30 రోజుల వయసు లోపల కంటిపాప వెనక రెటీనా చూపించాలి. మరీ ముందే పుట్టినవాళ్ళకి ఇంకా ముందే. పైకి కళ్ళు చక్కగా కనిపిస్తాయి, లోపల నాళాలు అడ్డదిడ్డంగా పెరిగి చూపు పోవచ్చు. సమయానికి పట్టుకుంటే లేజర్‌తో ఆపుతారు. చిన్నదానికి అలాగే ఆపారు.

ఇప్పుడు ఏడాది దాటింది. "ఇంకా నడవడం లేదా?" అని ప్రతి పేరంటంలో ఎవరో ఒకరు అడుగుతారు. ఈ పిల్లల వయసు పుట్టిన రోజు నుంచి కాకుండా, పుట్టాల్సిన రోజు నుంచి లెక్కపెట్టి పోల్చాలి, రెండేళ్ళు వచ్చేదాకా. ఆ లెక్కన మావాళ్ళకి ఇంకా పదకొండు నెలలే. పెద్దది గోడ పట్టుకుని నాలుగడుగులు వేస్తోంది. చిన్నది దాని గౌను అంచు పట్టుకుని లేస్తోంది, ఇద్దరూ పడుతున్నారు. వచ్చే మంగళవారం ఫిజియోథెరపీకి తీసుకెళ్ళాలి.